నిఫ్‌ఎ, నిఫ్‌ఎల్ ఒకే ఆపరాన్‌లో ఎందుకు? నత్రజని జన్యువుల మీద ప్రొటీన్ల పట్టు

మీరు అడిగింది ఇది: "ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. క్లెబ్సియెల్లాలో నత్రజని స్థాపన జన్యువుల్ని నిఫ్‌ఎ నడిపిస్తుంది, నిఫ్‌ఎల్ ఆపుతుంది అని పుస్తకంలో ఉంది. కానీ ఈ రెండూ ఒకే ఆపరాన్‌లో ఉండి ఒకేసారి తయారవుతాయి. నడిపేదాన్ని, ఆపేదాన్ని కలిపి తయారుచేసుకోవడంలో అర్థమేంటి? లాక్ ఆపరాన్‌లో లాగా డీఎన్ఏ మీద కూర్చునే రెప్రెసర్ ఒకటి ఉంటే సరిపోదా? అవి నిజంగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయని ఎలా తెలుసు? నిఫ్‌ఎల్‌ని తీసేస్తే పొలానికి యూరియా అక్కర్లేదంటున్నారు, అది నిజమేనా?"

చాలా మంచి ప్రశ్న. నేను నేల బ్యాక్టీరియా మీద పనిచేయడం మొదలుపెట్టిన కొత్తలో ఇదే అనుమానంతో చాలా రోజులు తిరిగాను. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. నిఫ్‌ఎల్ డీఎన్ఏ జోలికి వెళ్లదు. అది నేరుగా నిఫ్‌ఎ ప్రొటీన్‌నే పట్టుకుని పని చేయనివ్వకుండా ఆపుతుంది. ఒక నిఫ్‌ఎల్ ఒక నిఫ్‌ఎని పట్టుకోవాలి కాబట్టి రెండూ తగిన పాళ్లలో తయారు కావాలి. ఒకే ఆపరాన్‌లో, అంటే కలిపి చదివే జన్యువుల వరసలో, పక్కపక్కన ఉండడం అందుకే. రెప్రెసర్ ఎందుకు సరిపోదంటే, ఇక్కడ బ్యాక్టీరియా వినాల్సిన కబురు ఒకటి కాదు. ఆక్సిజన్ ఉందా, అమ్మోనియా ఇప్పటికే దొరుకుతోందా, తినడానికి కార్బన్ ఉందా, చేతిలో శక్తి ఉందా అని నాలుగు రకాల కబుర్లు ఒకేసారి వినాలి. ఆ నాలుగూ వచ్చి కలిసే చోటు నిఫ్‌ఎ, నిఫ్‌ఎల్‌ల మధ్య ఉండే పట్టు. యూరియా సంగతి చివర్లో చెప్తాను. అందులో కొంత నిజముంది, కానీ మీరు విన్నంత సులువు కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకో ఖర్చు చూస్తే తెలుస్తుంది. ఒక్క నత్రజని అణువుని రెండు అమ్మోనియాలుగా మార్చడానికి నైట్రోజినేజ్ ఎంజైమ్‌కి 16 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి నాణేలు), 8 ఎలక్ట్రాన్లు కావాలి. ఎరువుల ఫ్యాక్టరీలో 400 డిగ్రీలు దాటిన వేడితో, వందకు మించిన వాతావరణ పీడనంతో చేసే పనిని ఈ చిన్న కణం 30 డిగ్రీల దగ్గర చేస్తోంది. అది ఊరికే అయ్యే పని కాదు. ఎంజైమ్ నిదానంగా పనిచేస్తుంది కాబట్టి చాలా ఎక్కువ మొత్తంలో తయారుచేసుకోవాలి. క్లెబ్సియెల్లాలో ఈ పనికి 20 జన్యువులు ఒకే చోట, సుమారు 24 వేల బేస్ జతల పొడవున వరసగా ఉంటాయి. ఇంత చేశాక కాస్త ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైమ్ పాడైపోతుంది, మళ్లీ బాగుపడదు. కాబట్టి అవసరం లేనప్పుడు మొదలుపెట్టినా, వీలు కానప్పుడు మొదలుపెట్టినా కణానికి ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు లాక్ ఆపరాన్‌తో (ఇ. కొలైలో లాక్టోజ్ చక్కెరని వాడుకునే జన్యువులతో) మీ పోలిక దగ్గరికి వద్దాం. లాక్ ప్రమోటర్ (జన్యువు చదవడం మొదలయ్యే చోటు) దగ్గర, చోటు చూపించే మామూలు సిగ్మా-70 ప్రొటీన్‌తో వచ్చే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ (జన్యువుని చదివే ఎంజైమ్) డీఎన్ఏ పోగుల్ని తనంతట తానే విప్పగలదు. అందుకే దాన్ని అడ్డుకోవడానికి దారిలో ఒక రెప్రెసర్ కూర్చోవాలి. నిఫ్ ప్రమోటర్ల దగ్గర వ్యవహారం వేరు. అక్కడికి పాలిమరేజ్ సిగ్మా-54తో వస్తుంది. ఇది మైనస్ 24, మైనస్ 12 స్థానాల దగ్గర వచ్చి కూర్చుంటుంది గానీ పోగుల్ని సొంతంగా విప్పలేదు. అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది. ఎగువన సుమారు వంద బేస్ జతల దూరంలో టీజీటీ, తర్వాత పది అక్షరాలు, తర్వాత ఏసీఏ అనే వరస ఉంటుంది. నిఫ్‌ఎ అక్కడ అతుక్కుంటుంది. మధ్యలో ఐహెచ్ఎఫ్ అనే ప్రొటీన్ డీఎన్ఏని వంచి రెండింటినీ దగ్గరికి తెస్తుంది. అప్పుడు నిఫ్‌ఎ ఏటీపీని ఖర్చుచేసి, ఆ బలంతో పాలిమరేజ్ చేత డీఎన్ఏని విప్పిస్తుంది.

అంటే ఇక్కడ దారి ఎప్పుడూ మూసే ఉంటుంది, తెరిచేది నిఫ్‌ఎ ఒక్కటే. మూసి ఉన్న దారికి ఇంకో తాళం ఎందుకు? తెరిచేవాడి చేయి పట్టుకుంటే చాలు. నిఫ్‌ఎల్ చేసేది అదే. నిఫ్‌ఎ మధ్యభాగంలో ఏటీపీని విరగ్గొట్టే డొమైన్ (ప్రొటీన్‌లో ఒక పని చేసే భాగం) ఉంటుంది. నిఫ్‌ఎల్ పట్టుకున్నప్పుడు ఆ పని ఆగిపోతుంది. ఏటీపీ విరగకపోతే డీఎన్ఏ విప్పుకోదు.

మా ఊరి చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. పైన నీళ్లెంత ఉన్నాయి, కింద ఏ మడి ఎండుతోంది, వాన వచ్చే సూచన ఉందా అని అన్నీ చూసుకుని తూము ఎత్తాలా వద్దా అని ఆయనే తేల్చేవాడు. క్లాసులో నిఫ్‌ఎల్ గురించి చెప్పేటప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు. తూము ఎత్తే బలం నిఫ్‌ఎది, ఎప్పుడు ఎత్తాలో చూసే కన్ను నిఫ్‌ఎల్‌ది.

ఆ కన్ను ఎలా చూస్తుందో అజోటోబాక్టర్ వైన్‌లాండియై అనే నేల బ్యాక్టీరియాలో చాలా వివరంగా తేల్చారు. అందుకే ముందు దాని కథ చెప్తాను.

నిఫ్‌ఎల్ మొదటి భాగంలో పీఏఎస్ అనే డొమైన్ ఉంటుంది. దాని లోపల ఎఫ్ఏడీ అనే ఫ్లేవిన్ ఇమిడి ఉంటుంది. కణంలో ఆక్సిజన్ ఎక్కువైతే ఆ ఫ్లేవిన్ ఆక్సీకరణ చెందుతుంది. ఆ ప్రొటీన్‌ని శుద్ధిచేసి చూస్తే గొట్టంలో పసుపుపచ్చగా కనిపిస్తుంది. డైథయోనైట్ వేసి క్షయకరణం చేస్తే ఆ పసుపు కళ్లముందే వెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఒక బ్యాక్టీరియా గాలిని ఎలా గుర్తుపడుతుందో రంగులో చూడడం అది. పసుపుగా ఉన్న స్థితిలో, అంటే ఆక్సీకరణ చెందిన స్థితిలో, నిఫ్‌ఎల్ నిఫ్‌ఎని గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు వేరే ఏ కబురు వచ్చినా వదలదు.

నిఫ్‌ఎల్ చివరి భాగం హిస్టిడిన్ కైనేజ్‌ల (వేరే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ అందించే ఎంజైమ్‌ల) చివరి భాగంలాగే ఉంటుంది. పరీక్షల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. నిఫ్‌ఎల్ కైనేజ్‌లా కనిపిస్తుంది గానీ నిఫ్‌ఎకి ఫాస్ఫేట్ అందించి ఆపదు. ఆ భాగంలో అది ఏడీపీని, అంటే ఏటీపీ ఖర్చయ్యాక మిగిలేదాన్ని, పట్టుకుంటుంది. ఏడీపీ ఉంటే నిఫ్‌ఎతో పట్టు గట్టిపడుతుంది. ఏడీపీ ఎక్కువగా ఉందంటే కణంలో శక్తి తగ్గిందని అర్థం కదా. అలాంటప్పుడు 16 ఏటీపీల ఖర్చు పెట్టుకోకూడదు.

ఇక కార్బన్ కబురు. దీన్ని వినేది నిఫ్‌ఎల్ కాదు, నిఫ్‌ఎనే. నిఫ్‌ఎ మొదటి భాగంలో జీఏఎఫ్ డొమైన్ ఉంటుంది, అది 2-ఆక్సోగ్లూటరేట్‌ని పట్టుకుంటుంది. 2-ఆక్సోగ్లూటరేట్ అంటే క్రెబ్స్ చక్రంలో వచ్చేదే. అమ్మోనియాని ఎక్కించుకునే కార్బన్ చట్రం అదే కాబట్టి, అమ్మోనియా కొరతగా ఉండి కార్బన్ బాగా ఉన్నప్పుడు అది కణంలో పోగుపడుతుంది. అది అతుక్కున్న నిఫ్‌ఎ, ఏడీపీ ఉన్న నిఫ్‌ఎల్ పట్టులోంచి కూడా తప్పించుకోగలదు. అయితే నిఫ్‌ఎల్ ఫ్లేవిన్ క్షయకరణ స్థితిలో ఉంటేనే. ఆక్సిజన్ ఉంటే ఎంత కార్బన్ ఉన్నా కుదరదు.

ఇప్పుడు నత్రజని కబురు. ఇక్కడ పీ-టూ కుటుంబం ప్రొటీన్లు వస్తాయి. మీ సిలబస్‌లో బహుశా ఒక్క లైనులో ముగించి ఉంటారు, నిజానికి కథలో సగం వీటిదే. మూడు ఒకేరకం ఉపభాగాలు కలిసిన చిన్న ప్రొటీన్ ఇది. ఒక్కో ఉపభాగం నుంచి టీ-లూప్ అనే వేలులాంటి భాగం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ వేలి మీద 51వ స్థానంలో టైరోసిన్ ఉంటుంది. కణంలో గ్లూటమిన్ తక్కువైతే, అంటే నత్రజని కొరత ఉంటే, జీఎల్ఎన్‌డీ అనే ఎంజైమ్ ఆ టైరోసిన్‌కి యూఎంపీ అనే చిన్న అణువుని తగిలిస్తుంది. గ్లూటమిన్ పెరిగితే అదే ఎంజైమ్ దాన్ని ఊడదీస్తుంది. అజోటోబాక్టర్‌లో ఈ కుటుంబం నుంచి ఉన్నది జీఎల్ఎన్‌కే ఒక్కటే. యూఎంపీ లేని జీఎల్ఎన్‌కే, అంటే "అమ్మోనియా కావలసినంత ఉంది" అని చెప్పే రూపం, నేరుగా వెళ్లి నిఫ్‌ఎల్ చివరి భాగాన్ని పట్టుకుంటుంది. అప్పుడు 2-ఆక్సోగ్లూటరేట్ ఉన్నా, ఆక్సిజన్ లేకపోయినా నిఫ్‌ఎల్ మళ్లీ నిఫ్‌ఎని బిగించేస్తుంది. యూఎంపీ తగిలిన జీఎల్ఎన్‌కే ఆ పని చేయలేదు.

ఈ మొత్తంలో ఎక్కడా కొత్తగా జన్యువు చదవాల్సిన పని లేదు. అన్నీ ఉన్న ప్రొటీన్లే. ఒకదాని ఆకారం మారితే పక్కదాని పట్టు మారుతుంది. అమ్మోనియా పడ్డ కాసేపట్లోనే కబురు ప్రమోటర్ దాకా వెళ్లిపోతుంది.

క్లెబ్సియెల్లాలో మాత్రం జీఎల్ఎన్‌కే తలకిందులుగా పనిచేస్తుంది. ఇది తెలియక రెండు బ్యాక్టీరియాల కథల్ని కలిపేసి రాసిన జవాబు పత్రాలు నేను లెక్కలేనన్ని దిద్దాను. క్లెబ్సియెల్లాలో నత్రజని కొరత వచ్చినప్పుడు జీఎల్ఎన్‌కే తయారవుతుంది. అది నిఫ్‌ఎల్ పట్టుని బిగించదు, విడిపిస్తుంది. జీఎల్ఎన్‌కే లేని మ్యూటెంట్‌లో (జన్యువు మారిన రకంలో) నత్రజని కొరత ఉన్నా నిఫ్‌ఎల్ నిఫ్‌ఎని వదలదు, నిఫ్ జన్యువులు నడవవు. పైగా ఇక్కడ జీఎల్ఎన్‌కేకి యూఎంపీ తగిలి ఉందా లేదా అన్నది నిఫ్‌ఎల్ విషయంలో లెక్కలోకి రాదు. ఒక బ్యాక్టీరియాలో "ఆపు" అని చెప్పే ప్రొటీన్ ఇంకోదాంట్లో "వదులు" అని చెప్తోందన్నమాట. అందుకే ఏ ప్రశ్నకైనా జవాబు రాసేముందు బ్యాక్టీరియా పేరు రాయండి. అది లేకుండా "జీఎల్ఎన్‌కే ఏం చేస్తుంది" అనే ప్రశ్నకి జవాబే లేదు.

క్లెబ్సియెల్లాలో ఇంకో విశేషం ఉంది. ఆక్సిజన్ లేనప్పుడు అక్కడి నిఫ్‌ఎల్ కణత్వచం దగ్గరికి వెళ్లి, అక్కడి క్వినోన్లు అనే ఎలక్ట్రాన్ వాహకాల ద్వారా ఎలక్ట్రాన్లు అందుకుని, త్వచానికే అతుక్కుని ఉండిపోతుంది. నిఫ్‌ఎ మాత్రం సైటోప్లాజంలో డీఎన్ఏ దగ్గర ఉంటుంది. పట్టుకోవాల్సినవాడు దూరంగా ఉంటే నిఫ్‌ఎకి అడ్డు లేదు. నేను చెప్పిన నీరటి పోలిక ఇక్కడ చెల్లదు, ఆయన తూము వదిలి వెళ్లేవాడు కాదు.

అలాగే క్లెబ్సియెల్లాలో నిఫ్‌ఎల్‌ఎ ఆపరాన్ తయారవ్వాలా వద్దా అన్నది కూడా ముందే ఒక మెట్టు మీద తేలుతుంది. నత్రజని కొరత ఉంటేనే ఎన్‌టీఆర్‌బీ అనే కైనేజ్ ఎన్‌టీఆర్‌సీ అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, అది ఈ ఆపరాన్‌ని నడిపిస్తుంది. నత్రజని చాలినంత ఉన్నప్పుడు ఆ కైనేజ్‌ని పట్టుకుని ఆపేది కూడా పీ-టూ కుటుంబానికే చెందిన జీఎల్ఎన్‌బీ. ఆ తర్వాత కూడా ఆపాల్సి వస్తే నిఫ్‌ఎల్ రెండో మెట్టు.

ఇప్పుడు ఒకే ఆపరాన్ ప్రశ్న. నిఫ్‌ఎల్ ఒక ఎంజైమ్‌లా ఒకదాని తర్వాత ఇంకోదాన్ని పాడుచేస్తూ పోయేది కాదు. పట్టుకుని ఉన్నంతసేపే ఆపగలదు. కాబట్టి నిఫ్‌ఎ లెక్క నిఫ్‌ఎల్ లెక్కని మించిందంటే మిగిలిన నిఫ్‌ఎ అదుపు తప్పుతుంది. ఇది ఊహ కాదు. నిఫ్‌ఎ జన్యువుని ఒక్కదాన్నే ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద పెట్టి ఎక్కువగా తయారుచేయిస్తే అమ్మోనియా ఉన్నా నిఫ్ జన్యువులు నడుస్తాయని 1980ల మొదట్లోనే చూపించారు. క్లెబ్సియెల్లాలో ముందు నిఫ్‌ఎల్, వెంటనే నిఫ్‌ఎ ఉంటాయి. రెండింటి అనువాదం కూడా ముడిపడి ఉంటుంది. రైబోజోమ్ నిఫ్‌ఎల్‌ని చదువుతూ వస్తేనే నిఫ్‌ఎ సరిగ్గా తయారవుతుంది. అంటే ఆపే ప్రొటీన్ లేకుండా నడిపే ప్రొటీన్ పుట్టే అవకాశాన్నే తగ్గించేశారు. ఎంత అందమైన ఏర్పాటో చూడండి.

అవి నిజంగా పట్టుకుంటాయని ఎలా తెలుసు? మొదట జన్యుశాస్త్రం చెప్పింది. నిఫ్‌ఎల్ పాడైన మ్యూటెంట్లలో అమ్మోనియా, ఆక్సిజన్ ఉన్నా జన్యువులు నడిచాయి. తర్వాత శుద్ధిచేసిన ప్రొటీన్లతో గొట్టంలో ట్రాన్స్‌క్రిప్షన్ చేయించి, నిఫ్‌ఎల్ కలిపితే ఆగుతుందని చూపించారు. ఆ తర్వాత రెండింటినీ కలిపి ఒక జంటగా వేరుచేశారు, యీస్ట్ టూ-హైబ్రిడ్‌లోనూ (రెండు ప్రొటీన్లు అతుక్కుంటాయో లేదో యీస్ట్ కణంలో చూసే పరీక్ష) చూశారు. అజోటోబాక్టర్ నిఫ్‌ఎలో 356వ స్థానంలో గ్లూటమేట్ బదులు లైసిన్ వస్తే, ఆ ఒక్క మార్పుతో అది నిఫ్‌ఎల్ పట్టుని తప్పించుకుంటుంది. పట్టు ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ల్యాబ్‌లో దీన్ని చూడడం అంత తేలిక కాదు. మేం ఒకసారి నిఫ్‌ఎల్‌ని కాలమ్‌కి కట్టి నిఫ్‌ఎని దానిమీదుగా పంపాం. రెండు వారాలు వరుసగా ఏమీ అతుక్కోలేదు. జెల్ మీద నిఫ్‌ఎ మొత్తం వాష్‌లోనే వెళ్లిపోయేది. క్లోన్ తప్పని కొందరు, ప్రొటీన్ మడత సరిగ్గా రాలేదని కొందరు అన్నారు. చివరికి చూస్తే వాష్ బఫర్‌లో మేం ఏడీపీ వేయలేదు! ఏడీపీ ఉంటేనే పట్టు నిలుస్తుందని చదివి కూడా, అతికించే బఫర్‌లో వేసి కడిగే బఫర్‌లో మరిచిపోయాం. వేశాక అదే రోజు సాయంత్రం జెల్ మీద రెండు గీతలు పక్కపక్కన కనిపించాయి. అందుకని మీకు చెప్పేదేంటంటే, ఇలాంటి ప్రయోగంలో "అతుక్కోలేదు" అని రాసేముందు ఏ కబురు ఇచ్చి చూశారో రాయాలి. ఏడీపీ ఉందా, ఫ్లేవిన్ ఏ స్థితిలో ఉంది, 2-ఆక్సోగ్లూటరేట్ వేశారా లేదా. యీస్ట్ టూ-హైబ్రిడ్‌కీ ఇదే జాగ్రత్త. యీస్ట్ కణం లోపలి వాతావరణం అజోటోబాక్టర్ లోపలి వాతావరణం కాదు.

ఇంకో అనుభవం చెప్పాలి, ఇది విద్యార్థులకి బాగా పనికొస్తుంది. నిఫ్‌హెచ్ అనే నిఫ్ జన్యువు ప్రమోటర్‌కి, అది నడిస్తే ఓఎన్‌పీజీ అనే రసాయనాన్ని పసుపుగా మార్చే లాక్‌జెడ్ జన్యువుని తగిలించిన క్లెబ్సియెల్లాతో మొదటిసారి పనిచేసినప్పుడు ఓఎన్‌పీజీ వేసిన గొట్టాలన్నీ నీళ్లలా తెల్లగానే ఉండిపోయాయి. పసుపు రంగు జాడే లేదు. ఆక్సిజన్ లేదు, మీడియాలో అమ్మోనియా లేదు, అయినా ఏమీ లేదు. ప్రాజెక్ట్ రిపోర్ట్ గడువు దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్. మా మేడం వచ్చి గొట్టాల వైపు కూడా చూడలేదు. నేరుగా ఇంక్యుబేటర్ తలుపు మీద ఉన్న అంకె చూపించారు: 37. ఇ. కొలై అలవాటులో పెట్టేశాను. క్లెబ్సియెల్లా నిఫ్‌ఎ ఆ వేడికి తట్టుకోదు. 37 డిగ్రీల దగ్గర పనిచేయడం మానేస్తుంది. 30కి మార్చాక మర్నాడు గొట్టాలు నిమ్మరసం రంగులోకి తిరిగాయి. మీరూ ఇదే ప్రయోగం చేస్తే 30 డిగ్రీలే పెట్టండి. పాత కల్చర్‌లోని అమ్మోనియా కూడా వెంట రాకుండా కణాల్ని రెండుసార్లు కడగండి. కొద్దిపాటి అమ్మోనియా మిగిలినా అది అయిపోయేదాకా జన్యువులు లేవవు.

జన్యువుల సంగతి పక్కనపెట్టి, అప్పటికే తయారైన ఎంజైమ్‌ని ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. రోడోస్పిరిల్లం రుబ్రం, అజోస్పిరిల్లం బ్రసిలెన్స్ వంటివాటిలో దానికీ ఏర్పాటుంది. డ్రాట్ అనే ఎంజైమ్ నైట్రోజినేజ్ ఐరన్ ప్రొటీన్ మీద ఒక ఆర్జినిన్‌కి ఏడీపీ-రైబోజ్ తగిలించి దాన్ని ఆపేస్తుంది. రుబ్రంలో అది 101వ ఆర్జినిన్. డ్రాగ్ అనే ఎంజైమ్ దాన్ని తీసేసి మళ్లీ నడిపిస్తుంది. ఇక్కడ కూడా పీ-టూ ప్రొటీన్లే పెద్దమనుషులు. అమ్మోనియా రాగానే పీ-టూ ప్రొటీన్ ఒకటి త్వచంలోని ఏఎంటీబీ అనే అమ్మోనియా కాలువకి వెళ్లి అతుక్కుంటుంది, డ్రాగ్‌ని కూడా అక్కడికే లాగేసుకుంటుంది. తీసేసేవాడు త్వచం దగ్గర చిక్కుకుపోతే ఎంజైమ్ ఆగే ఉంటుంది. ఇ. కొలైలో జీఎల్ఎన్‌కే, ఏఎంటీబీ కలిసి ఉన్న నిర్మాణం 2007లో బయటపడింది. అందులో టీ-లూప్ వేలు నేరుగా కాలువ రంధ్రంలోకి దూరి దాన్ని మూసేస్తూ కనిపిస్తుంది. ఆ బొమ్మని ఒక్కసారైనా తెరిచి తిప్పి చూడండి.

అజోస్పిరిల్లంలో నిఫ్‌ఎల్ లేదు. అక్కడ నిఫ్‌ఎ పనిచేయాలంటే జీఎల్ఎన్‌బీ సాయం కావాలి. వేరుశనగ, కంది వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియా జాతుల్లో మామూలుగా నిఫ్‌ఎల్ కనిపించదు. ఎందుకంటే బుడిపెలో ఉన్న బ్యాక్టీరియా తన కోసం నత్రజనిని పట్టుకోవడం లేదు, మొక్కకి ఇచ్చేస్తోంది. కాబట్టి "నా దగ్గర అమ్మోనియా చాలినంత ఉంది, ఇక ఆపు" అనే కబురుతో అంత పని లేదు. ముఖ్యమైన కబురు ఆక్సిజన్. సైనోరైజోబియం మెలిలోటిలో ఫిక్స్ఎల్ అనే ప్రొటీన్ తనలోని హీమ్‌తో ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఫిక్స్‌జే అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ ఇస్తుంది. అది నిఫ్‌ఎని తయారు చేయిస్తుంది. ఈ ఫిక్స్ఎల్ మాత్రం నిజమైన కైనేజ్, నిఫ్‌ఎల్‌తో కలిపి గందరగోళపడకండి. పైగా రైజోబియాల్లో నిఫ్‌ఎ తనకు తానే ఆక్సిజన్‌ని తట్టుకోలేదు. అందుకు కారణమైన సిస్టీన్లు దాని మధ్యభాగం చివర ఉంటాయి. వేరుశనగ మొక్కని పీకి బుడిపెని గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే లెగ్‌హిమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ని పట్టుకునే ఎర్ర ప్రొటీన్) ఉంది, ఆక్సిజన్ అదుపులో ఉంది, నిఫ్ జన్యువులు నడుస్తున్నాయని అర్థం. లోపల ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఉంటే పని అయిపోయింది. రైతులు నన్ను అడిగినప్పుడు నేను చూపించే మొదటి పరీక్ష ఇదే, దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఇక యూరియా సంగతి. అజోటోబాక్టర్‌లో నిఫ్‌ఎల్‌ని పాడుచేస్తే అది అమ్మోనియాని బయటికి వదులుతుందని 1992లోనే ప్రచురించారు. అమెరికాలో మొక్కజొన్నకి వాడే ఒక ఉత్పత్తి 2019 నుంచి మార్కెట్‌లో ఉంది. అందులోని క్లెబ్సియెల్లా వరికోలాలో నిఫ్‌ఎల్‌ని తొలగించి, అమ్మోనియా సమీకరణకి సంబంధించిన ఇంకో జన్యువునీ మార్చారు. కాబట్టి ఆలోచన గాల్లోది కాదు. కానీ "యూరియా అక్కర్లేదు" అనేది వేరే మాట. అది వాడే రైతులు కూడా రసాయన నత్రజనిలో కొంత భాగమే తగ్గించుకుంటారు.

ఎందుకంటే, అదుపు తీసేసిన బ్యాక్టీరియా రాత్రీ పగలూ 16 ఏటీపీల చొప్పున ఖర్చుపెడుతూ, సంపాదించింది బయట పారబోస్తుంది. పక్కనే అదుపున్న మామూలు బ్యాక్టీరియా తక్కువ ఖర్చుతో వేగంగా పెరుగుతుంది. మా ల్యాబ్‌లో అలాంటి ఒక మ్యూటెంట్‌ని ఎంపిక ఒత్తిడి లేకుండా మీడియా మారుస్తూ పెంచితే, కొన్ని వారాలకి ప్లేట్ మీద పెద్ద కాలనీలు రావడం మొదలైంది. వాటిని తీసి చూస్తే అమ్మోనియా వదలడం మానేసినవే ఎక్కువ. కణం తన అదుపుని తిరిగి సంపాదించుకోవడానికి ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. నేలలో పోటీ ఇంకా తీవ్రం. ఈ ఇబ్బందికే విరుగుడుగా, నిఫ్‌ఎల్‌ని పూర్తిగా తీసేయకుండా 356 మార్పులాంటి వాటితో పట్టుని కాస్త సడలించి, కార్బన్ బాగా దొరికినప్పుడే అమ్మోనియా వదిలేలా చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. నా దృష్టిలో అసలు దారి అదే. పట్టుని తెంచితే బ్యాక్టీరియా నిలవదు, పట్టు ఎక్కడ ఎంత ఉండాలో మార్చగలిగితే నిలుస్తుంది.

మన దగ్గర జీవన ఎరువుల ప్యాకెట్లలో ఉండే అజోటోబాక్టర్, అజోస్పిరిల్లం, రైజోబియం నేల నుంచి ఏరిన సహజ రకాలే. వాటిలో ఈ నియంత్రణ అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. కాబట్టి అజోటోబాక్టర్ వేసిన రోజే, అదే చోట బస్తాడు యూరియా చల్లితే అది నత్రజని స్థాపన మొదలుపెట్టదు. పైన చెప్పిన జీఎల్ఎన్‌కే వెళ్లి నిఫ్‌ఎల్‌ని బిగించేస్తుంది. ప్యాకెట్ పనిచేయలేదని రైతు అనుకుంటాడు, నిజానికి బ్యాక్టీరియా తనకు తెలిసినంతలో సరైన నిర్ణయమే తీసుకుంది.

మీ ప్రాజెక్ట్‌కి ఏ బ్యాక్టీరియా తీసుకోవాలని తర్వాతి సందేశంలో అడిగారు. అజోటోబాక్టర్ వైన్‌లాండియై తీసుకోండి. గాల్లోనే పెరుగుతుంది, కణం లోపలికి వచ్చే ఆక్సిజన్‌ని శ్వాసక్రియతో తనే ఖర్చుచేసేస్తుంది కాబట్టి ఆక్సిజన్ తీసేసే తలనొప్పి లేదు, బర్క్ మీడియం తయారీ సులువు. అమ్మోనియం అసిటేట్ వేసిన ఫ్లాస్క్, వేయని ఫ్లాస్క్ పక్కపక్కన పెట్టి, పైనున్న గాలిలో పదో వంతు ఎసిటిలీన్ ఎక్కించి, ఎథిలీన్ ఎంత వచ్చిందో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూడండి (నైట్రోజినేజ్ ఎసిటిలీన్‌ని ఎథిలీన్‌గా మారుస్తుంది). రెండింటినీ ఒకే షేకర్ మీద, ఒకే వేగంతో, 30 డిగ్రీల దగ్గరే పెట్టండి. ఆ వేగాన్ని, కల్చర్ వయసుని నోట్‌బుక్‌లో మొదటి లైనులోనే రాసుకోండి.

రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.